సింకు దాకా వేడి నీళ్లు రావడానికి ఎందుకంత లేటు?

బాత్రూమ్‌లో గీజర్ పొగలు కక్కుతుంటుంది. వంటింట్లో వేడి నీళ్ల కుళాయి తిప్పితే మాత్రం నిమిషం దాకా చన్నీళ్లే. అంతసేపు ఎవరాగుతారు? డిసెంబర్ పొద్దున ఆరున్నరకి అంట్లు తోమడానికొచ్చే ఆవిడ అస్సలు ఆగదు. ఇంకా నాలుగిళ్లు తిరగాలి కదా, ఆ చన్నీళ్లతోనే కానిచ్చేస్తుంది. గీజర్ ఎక్కడుండాలో తేల్చింది బిల్డరు, వేళ్లు కొంకర్లు పోయేది ఈవిడకి.

లోపం గీజర్‌ది కాదు, పైపుది. రాత్రి వాడగా మిగిలిన వేడి నీళ్లు పైపులోనే ఉండిపోయి తెల్లారేసరికి చల్లబడతాయి. కొత్తవి రావాలంటే ముందు ఆ పాతవన్నీ బయటికి పోవాలి. అందుకే గీజర్ టెంపరేచర్ ఎంత పెంచినా, 15 లీటర్లది తీసేసి 25 లీటర్లది పెట్టినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

ముప్పావు అంగుళం సీపీవీసీ పైపు లోపలి వ్యాసం సుమారు 18 మిల్లీమీటర్లు. అంటే మీటరు పైపులో దాదాపు పావు లీటరు నీళ్లు పడతాయి. అర అంగుళం పైపులో అందులో సగం కూడా పట్టవు. మా ఫ్లాట్‌లో పైపు గోడల్లో మెలికలు తిరిగి సింకు చేరేసరికి 12 మీటర్లవుతుంది. లెక్క ప్రకారం 3 లీటర్లు పోతే చాలు. కానీ బకెట్ పెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి కొలిస్తే నాలుగున్నర లీటర్లు, 70 సెకన్లు తేలింది. ముందొచ్చే వేడిని పైపు గోడలే తాగేస్తాయి మరి. రోజుకి నాలుగుసార్లు ఇలా వదిలితే నెలకి 540 లీటర్లు. వేసవిలో ట్యాంకర్ కోసం వాట్సాప్ గ్రూపులో గొడవపడే అపార్ట్‌మెంట్లలో ఇది చిన్న లెక్కేం కాదు. పైగా వాడిన ప్రతిసారీ పైపులో చల్లారిపోయే వేడి ఉంది. నీళ్లని 30 డిగ్రీలు వేడెక్కిస్తున్నామనుకుంటే నెలకి సుమారు 19 యూనిట్ల కరెంటు గోడలకి సమర్పయామి.

ముందు పైసా ఖర్చు లేని పనులు చూద్దాం. మీది సింగిల్ లివర్ కుళాయైతే, వేడి నీళ్లొచ్చేదాకా లివర్‌ని పూర్తిగా వేడి వైపుకే తిప్పి ఉంచండి. మధ్యలో పెడితే సగం నీళ్లు చల్లటి పైపు నుంచే వస్తాయి, వెయిటింగ్ డబులవుతుంది. మా ఇంట్లో అందరూ మధ్యలోనే పెడతారు, ఎన్నిసార్లు చెప్పినా! తర్వాత కుళాయి మూతికుండే జల్లెడ విప్పి చూడండి. బోరు నీళ్లకి తెల్లగా గార పట్టి ఉంటుంది. రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి బ్రష్‌తో రుద్దితే ధార పెరుగుతుంది, పాత నీళ్లు త్వరగా ఖాళీ అవుతాయి.

పైపుకి ఫోమ్ తొడుగు వేయిస్తే మంచిదే కానీ దాని హద్దు దానిది. టిఫిన్ గిన్నెలకీ, ఆ తర్వాత టీ కప్పులకీ మధ్య ఉన్న గ్యాప్‌లో వేడిని నిలబెడుతుంది. రాత్రి నుంచి పొద్దుటి దాకా నిలబెట్టలేదు. గోడలోపలి పైపుకైతే ఎలాగూ వేయలేం.

ఫ్లాట్లలో ఉండేవాళ్లకి నా ఓటు వంటింట్లోనే పెట్టే చిన్న 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్‌కే. 3 కిలోవాట్లదైతే ఆ 3 లీటర్లని 30 డిగ్రీలు పెంచడానికి రెండు నిమిషాలు పడుతుంది. సింకు పక్కనే ఉంటుంది కాబట్టి పైపులో వృథా నామమాత్రం. ట్యాంకులో నీళ్లు అయిపోయాక మాత్రం నిమిషానికి 1.7 లీటర్ల చొప్పునే గోరువెచ్చగా ఇవ్వగలదు. గిన్నెలకి అది చాలు, స్నానానికి చాలదు.

అసలు జాగ్రత్త కరెంటు దగ్గర. 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు. మిక్సీ పెట్టే 6 ఆంపియర్ల సాకెట్‌కి దాన్ని తగిలిస్తే వైరు కాలుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఊసే వద్దు. 16 ఆంపియర్ల పాయింటు, దానికి తగిన వైరు, సరైన ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాల్సిందే. తడి చేతులతో పనిచేసే చోటు, పైగా ఆ చేతులు మనవి కాకపోవచ్చు కూడా. ఎత్తైన టవర్‌లో కింది అంతస్తులో ఉంటే నీటి ప్రెషర్ కూడా కనుక్కోండి. ప్రతి 10 మీటర్ల ఎత్తుకి సుమారు 1 బార్ పెరుగుతుంది. గీజర్ మీద రాసున్న లిమిట్ దాటకూడదు. గ్యాస్ గీజర్ చవకే కానీ, గాలి ఆడని చోట పెడితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. వంటిల్లు ఇరుకైతే ఆ ఆలోచనే మానేయండి.

సొంతిళ్లలో డాబా మీద సోలార్ ఉంటే కథ ఇంకా పొడుగు. రెండంతస్తులు దిగి కింది వంటింటికి రావాలి. అక్కడ చిన్న గీజర్‌ని సోలార్ వేడి లైనుకే కలిపితే, మొదటొచ్చే చన్నీళ్లని అది కాచేలోపు పైనుంచి వేడివి దిగుతాయి. వేడి నీళ్లు లోపలికి పంపొచ్చో లేదో ఆ గీజర్ మాన్యువల్‌లో చూసుకున్నాకే సుమా.

డాలస్‌లో ఉండే మా అక్కావాళ్లింట్లో హీటర్ గరాజ్‌లో, వంటిల్లు ఇంకో చివర. వాళ్లు బటన్ నొక్కితే తిరిగే చిన్న పంపు పెట్టించుకున్నారు. పైపులోని చల్లబడ్డ నీళ్లని సింకు కిందున్న వాల్వ్ ద్వారా చన్నీళ్ల లైనులోకి మళ్లిస్తుంది. చుక్క వృథా కాదు. కాసేపు చన్నీళ్ల కుళాయిలో కూడా గోరువెచ్చగా వస్తాయి, అంతే.

ఇల్లు ఇప్పుడే కడుతున్నవాళ్లకైతే పని సులువు. బాత్రూమ్‌లన్నీ చుట్టి రాకుండా గీజర్ నుంచి సింకుకి నేరుగా అర అంగుళం పైపు ఒకటి లాగించండి. 'ముప్పావు వేస్తేనే ఫోర్సు బాగుంటుంది సార్' అంటాడు ప్లంబర్. షవర్‌కైతే నిజమే. ఒక్క సింకుకి అర అంగుళం సరిపోతుంది.