నడుముకి రివాల్వర్ కావాలంటే...

తెరమీద సంగతి వేరు! 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు'లో కౌబాయ్ కృష్ణ పిస్తోలు దూస్తుంటే హాల్లో ఈలలే ఈలలు. "లైసెన్సుందా నాయనా?" అని ఎవరడిగారు?

మరి మన హైదరాబాద్ పాతబస్తీలో, యాకుత్‌పురా స్టేషన్ పక్క సందులో దుకాణం నడుపుకునే మామూలు మనిషిని "చంపేస్తాం" అని ఎవరైనా బెదిరిస్తే? నడుముకి రివాల్వర్ పెట్టుకునే అర్హత అతనికుంటుందా?

ఉంటుంది. కాకపోతే అడగ్గానే ఇచ్చే సరుకు కాదది!

1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ముందు 21 ఏళ్లు నిండాలి. మతిస్థిమితం ఉండాలి. హింసకో, నీతిమాలిన పనికో జైలుశిక్ష పడినవాళ్లయితే శిక్ష ముగిసి అయిదేళ్లు గడవాలి. హైదరాబాదులో అర్జీ పెట్టుకోవాల్సింది పోలీసు కమిషనర్‌కి. ఒంట్లోనూ మనసులోనూ బాగానే ఉన్నాడనీ, మత్తుకి బానిస కాడనీ డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి. తుపాకీ వాడకంలో శిక్షణ పొందినట్టు మరో సర్టిఫికెట్. ఆపైన పోలీసుల ఎంక్వైరీ. ప్రాణభయం నిజమేనా అన్నది అక్కడ తేలాలి.

"మాకు ఆస్తిపాస్తులు లేవే, ఇస్తారా?" అంటారా? ఆస్తి లేదన్న ఒక్క కారణంతో కాదనకూడదని చట్టంలోనే ఉంది. కాదంటే అప్పీలు చేసుకోవచ్చు. బెదిరింపు లేఖ వచ్చాక 2022లో సల్మాన్ ఖాన్ అంతటివాడూ ముంబయి పోలీసు కమిషనర్‌కి అర్జీ పెట్టుకునే లైసెన్సు తెచ్చుకున్నాడు మరి!

సరే, వచ్చింది. ఇక మీసం మెలేసి బజార్లో చూపించుకుంటూ తిరగొచ్చా? అబ్బే! 2016 నిబంధనల ప్రకారం బయటికి తీసుకెళ్తే ఒరలో పెట్టి, పూర్తిగా కప్పి ఉంచాలి. పెళ్లి బరాత్‌లో సరదాకి గాల్లోకి పేల్చి ఎవరికైనా ప్రమాదం తెచ్చిపెడితే, 2019 సవరణతో రెండేళ్ల దాకా జైలో, లక్ష రూపాయల దాకా జరిమానానో, లేక రెండూనో! ఆ సవరణతోనే లైసెన్సు గడువు అయిదేళ్లయింది. మనిషికి రెండు తుపాకులే అన్నారు.

లైసెన్సు లేకుండా ఆయుధం దగ్గరుంచుకుంటే ఏమవుతుందో సంజయ్ దత్‌ని చూశాం. 2013లో సుప్రీంకోర్టు అయిదేళ్ల శిక్ష ఖాయం చేసింది. పోనీ లైసెన్సుంటే నిశ్చింతా? 2024 అక్టోబరులో హిందీ హీరో గోవిందా ఇంట్లో, లైసెన్సున్న ఆయన సొంత రివాల్వరే పొరపాటున పేలి ఆయన కాలికే తూటా తగిలింది.

అందుకే యాకుత్‌పురా సోదరుడైనా, బొంబాయి హీరో అయినా అర్జీ రాసేముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: బయటి భయం పోగొట్టడానికి తెచ్చేది ఇంట్లో పిల్లల చేతికి అందకుండా దాచగలనా? షూటింగులోనైతే రీటేక్ ఉంటుంది... ఇంట్లో ఉండదు!