వ్యాయామము - దుర్బలులు

వ్యాయామమనగానే మనకు జ్ఞప్తికి వచ్చునది మల్లవీరుల కండబలము. కోడి రామమూర్తినాయుడుగారి పేరు విని గర్వింపని యాంధ్రుడు లేడు. అది యుచితమే. కాని జాతి బలమును బలవంతునిబట్టి లెక్కించుట యొక పద్ధతి. దుర్బలునిబట్టి లెక్కించుట మఱియొక పద్ధతి. ఈ రెండవ లెక్కలో మన స్థితి యెట్లున్నదో యించుక విచారింతము.

పెద్దలకు వారమునకు 150 నిమిషములకు తక్కువ కాకుండ ఒక మోస్తరు దేహపరిశ్రమ వలయునని ప్రపంచారోగ్యసంస్థవారు చెప్పుచున్నారు. 2022వ సంవత్సరమునకు ఆ సంస్థవారు వేసిన అంచనా ననుసరించి మన దేశమున ఆపాటి పరిశ్రమ లేనివారు పురుషులలో నూటికి 42 మందియు, స్త్రీలలో నూటికి 57 మందియు గలరు. ఈ వ్యత్యాసమునకు స్త్రీల సోమరితనమే కారణమని యెవరైన ననగలరా? తెల్లవాఱకముందే లేచి పొయ్యి, బిడ్డలు, పశువులు, అత్తమామల సేవ అను చక్రమున దిరుగు గృహిణికి తనదని చెప్పుకొనదగిన యరగంట లేదు. ఇంటిపని యొడలి నలయించును గాని కాలు సాగనీయదు. తీరిక దొరకినను నడచుటకు చోటు లేదు. చోటున్నను దీపము లేదు. అన్నియు నున్నను రచ్చబండపై గూర్చున్న మన మాటలకు వెఱపు!

వృద్ధుల యవస్థ వేఱు. పడిపోదుమేమోయను భయము వారిని మంచమునకు గట్టివేయును. కదలనికొలది కాళ్లలో సత్తువ తగ్గి, పడుట మఱింత సులభమగును. 65 ఏండ్లు దాటినవారు వారమునకు మూడు దినములైనను దేహమునకు నిలుకడయు బలమును గూర్చు వ్యాయామము చేయవలయునని శాస్త్రజ్ఞులు చెప్పుచుండ, మనము "ఈ వయస్సున మీకెందుకు, కూర్చుండుడు" అని గౌరవము పేర వారిని కదలనీయకున్నాము.

ఇక వికలాంగుల మాట. వరంగల్లు జిల్లాలోని కల్లెడ గ్రామమున వ్యవసాయకూలీల యింట బుట్టిన జీవాంజి దీప్తి మేధోవైకల్యము గల బాలిక. ఇరుగుపొరుగువారు గేలిచేసిరి. తలిదండ్రులు మాత్రము బిడ్డను విడనాడలేదు. ఆమె పరుగును గుర్తించి నాగపురి రమేశ్ గారు శిక్షణ నిచ్చిరి. 2024 మే నెలలో జపానునందలి కోబె నగరమున 400 మీటర్లను 55.07 సెకండ్లలో బరుగెత్తి, తన తరగతిలో నంతవఱకు నెవ్వరును సాధింపని వేగమును జూపినది. ఆ సంవత్సరమే సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్సునందు కాంస్యపతకము గొన్నది. ఆమెకు గావలసినది జాలి కాదు. ఒక మైదానము, ఒక గురువు, వెన్నుదట్టు నాలుగు చేతులు. ఇవి దొరకక మూలగదులలో మ్రగ్గు బిడ్డలు మన గ్రామములం దెందఱో!

వికలాంగులు క్రీడలలో పాల్గొనుటకు వలయు నేర్పాట్లు చేయుట ప్రభుత్వముల బాధ్యతయని 2016వ సంవత్సరపు చట్టము విధించినది. కాని చట్టము వచ్చి మన యూరి మెట్లప్రక్క వాలుబాట వేయదు. ఆ పని మనది.

గ్రామపెద్దలారా, పురప్రముఖులారా! పోరంబోకును గజము గజముగ గలుపుకొనుట మాని, అందు నొక నడకబాట విడువుడు. బడి యావరణమును ఉదయసాయంకాలములు ఊరివారికి దెఱువుడు. స్త్రీలకు ప్రత్యేకముగ నొక వేళ నేర్పఱచి, ఆ వేళకు దీపములు వెలిగింపుడు. వృద్ధులకు దారిప్రక్క రెండు బల్లలు వేయింపుడు. కూర్చుండుటకు చోటున్నచో నడచుటకు ధైర్యము గలుగును. అన్నిటికంటె ముఖ్యము తోడు. ఒంటరిగ నడువ సిగ్గుపడు నిల్లాలు పదిమందితో నిస్సంకోచముగ నడచును.

వీనిలో గొప్ప వ్యయమైన దేదియు లేదు. మొదటియడుగు వేయవలసినది దుర్బలులు కారు, దారి కడ్డముగ గూర్చున్న మనమే.