డ్రైవర్లలో తాళాల చిక్కులు

మన హాస్టల్ స్టోర్‌రూమ్‌లో బియ్యం నిల్వ 50 కిలోలని స్టాకు రిజిస్టర్లో ఉందనుకుందాం. పొద్దున్నే వంటమనిషి, కామాటి ఇద్దరూ ఒకేసారి ఆ అంకె చూశారు. వంటమనిషి 20 కిలోలు తీసి నిల్వ 30 అని రాశాడు. కామాటి 10 కిలోలు తీసి, తాను చూసిన 50 నుంచే లెక్కగట్టి, 30ని కొట్టేసి 40 అని రాశాడు. నిజంగా మిగిలింది 20 కిలోలే! ఇద్దరికీ తీసివేత వచ్చు. ఒకరు రాసేదాకా ఇంకొకరు ఆగలేదు, అంతే. కంప్యూటర్లో దీన్నే రేస్ కండిషన్ అంటారు.

ప్రింటర్, నెట్‌వర్క్ కార్డు వంటి పరికరాలకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య నిలిచే ప్రోగ్రామే డివైస్ డ్రైవర్. ఒకే పరికరం కోసం రెండు ప్రాసెసర్లు ఒక్కసారే రావచ్చు. అందుకే ‘లాక్’ అనే తాళం పెడతారు. మామూలు ప్రోగ్రామ్ చిక్కుకుంటే అదొక్కటే ఆగుతుంది. లినక్స్‌లో డ్రైవర్లు ఎక్కువగా కెర్నల్‌లో భాగంగానే నడుస్తాయి కాబట్టి, అది చిక్కుకుంటే మెషిన్ మొత్తం బిగుసుకుపోవచ్చు.

తాళం లేకపోవడం ఒక జబ్బయితే, అడ్డదిడ్డంగా వేయడం ఇంకో జబ్బు. ఒకరు కుళాయి దగ్గర నిలబడి బకెట్ కోసం చూస్తుంటారు. బకెట్ ఉన్నవారు కుళాయి కోసం చూస్తుంటారు. ఇద్దరూ వదలరు, ఇద్దరికీ స్నానం లేదు. ఇది డెడ్‌లాక్. ముందు బకెట్, తర్వాతే కుళాయి అని అందరూ ఒకే వరుస పాటిస్తే ఈ బాధ ఉండదు.

ఇంటరప్ట్‌తో వచ్చేది మరీ మొండిది. ప్యాకెట్ రాగానే నెట్‌వర్క్ కార్డు ప్రాసెసర్‌ను పిలుస్తుంది. ప్రాసెసర్ చేస్తున్న పని మధ్యలో ఆపి ఆ పిలుపు అందుకుంటుంది. ఆగిన పని చేతిలో ఉన్న స్పిన్‌లాక్‌నే కొత్త పని కూడా అడిగితే? స్పిన్‌లాక్ కోసం ఆగేవారు నిద్రపోరు, దొరికిందా దొరికిందా అని చూస్తూనే ఉంటారు. వదలాల్సినవాడు కదలడు. అందుకే అలాంటిచోట లాక్ పట్టేముందే ఆ ప్రాసెసర్ మీద ఇంటరప్టులను ఆపాలి. నిద్రపోవలసిన పని ఉన్నచోట స్పిన్‌లాక్ పనికిరాదు, మ్యూటెక్స్ వాడాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, బిగ్ కెర్నల్ లాక్ ఒక ఎత్తు. 1996లో వచ్చిన లినక్స్ 2.0 ఒకటికి మించిన ప్రాసెసర్లతో పనిచేయడం మొదలుపెట్టింది. అప్పుడు కెర్నల్ అంతటికీ ఒకే తాళం వేశారు. గదుల తాళాలు మాని, గేటు దగ్గర ఒక్కొక్కరినే లోపలికి వదిలినట్టు! భద్రమే గానీ, ప్రాసెసర్లు పెరిగేకొద్దీ క్యూ పెరిగింది. తీసేద్దామంటే, అది ఏ సమాచారాన్ని కాపాడుతోందో ఎక్కడా రాసిలేదు. పైగా దాన్ని పట్టుకుని నిద్రపోతే దానంతటదే వదిలేది, లేచాక మళ్ళీ చేతికొచ్చేది. డ్రైవర్‌కు ఐఓసీటీఎల్ ఆదేశం వస్తే కెర్నలే ఆ తాళం వేసి పిలిచేది. డ్రైవర్ రాసినవారికి ఆ సంగతి తట్టకపోయినా ఆశ్చర్యం లేదు.

2005లో 2.6.11 వెర్షన్ ఆ తాళం లేకుండా పిలిచే దారి ఇచ్చింది. ఆ తర్వాతదంతా ఓపిక పనే. తాళాన్ని ముందు డ్రైవర్ లోపలికి దించడం, కోడ్ చదివి అది కాపాడేదేమిటో తేల్చడం, బదులుగా సొంత మ్యూటెక్స్ పెట్టడం, ఒక్కో డ్రైవర్‌కూ ఇదే తంతు. ఆర్ండ్ బెర్గ్‌మాన్ మొదలైనవారి శ్రమతో 2011 మే నెలలో, 2.6.39 వెర్షన్‌తో అది పూర్తిగా పోయింది. మా దృష్టిలో కొత్త డ్రైవర్ రాయడం కన్నా ఇదే గొప్ప పని.

ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. 2006లో 2.6.18తో ఇంగో మోల్నార్ రాసిన లాక్‌డెప్ వచ్చింది. అది లాకులు పట్టే వరుసను గుర్తుపెట్టుకుని, మెషిన్ నిజంగా బిగుసుకోకముందే హెచ్చరిస్తుంది. కెర్నల్ కంపైల్ చేసేటప్పుడు ప్రూవ్ లాకింగ్ ఆప్షన్ ఆన్ చేసి, వర్చువల్ మెషిన్‌లో నడిపి చూడండి. కొంచెం నెమ్మదిస్తుంది. అయితే నడవని దారి దానికి కనబడదు. తప్పు ఎదురై ఫంక్షన్ మధ్యలోనే వెనుదిరిగేచోట లాక్ తీశారో లేదో మాత్రం కళ్ళతో చదివి చూసుకోవాలి.