అంబాసిడర్ ‘బోర్‌కొచ్చింది’ అన్నారా? ముందు ఈ నాలుగు నంబర్లు చూడండి

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేముందు బ్యాటరీ హెల్త్ చూస్తాం కదా. పాత అంబాసిడర్‌కీ అలాంటి చెక్ ఒకటుంది: కంప్రెషన్ టెస్ట్. మన కర్నూలు, కడప వైపు దుమ్ము ఎక్కువ. ఎయిర్ ఫిల్టర్ సరిగా లేకపోతే ఆ దుమ్మే పిస్టన్ రింగులను, సిలిండర్ గోడలను అరగదీస్తుంది. అందుకే బండి లాగకపోతే చాలు, ‘బోర్‌కొచ్చింది’ అనేస్తారు. ఆ మాట మీదే ఇంజిన్ విప్పించకండి, ఖర్చు మామూలుగా ఉండదు.

ఇది 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ సంగతి. డీజిల్ బండికి ఈ గేజ్ వాడొద్దు, అక్కడ ప్రెషర్ చాలా ఎక్కువ.

ఇంజిన్ వేడెక్కాక ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, కాయిల్ వైరు తీసేసి నాలుగు ప్లగ్గులూ విప్పాలి. ఒక్కో సిలిండర్‌కి గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. బ్యాటరీ వీక్‌గా ఉంటే అన్ని రీడింగులూ తక్కువే వస్తాయి.

120, 125, 122, 80 పీఎస్‌ఐ వచ్చాయనుకోండి. కొత్త కార్లతో పోల్చి 120 చూసి భయపడొద్దు, దీని కంప్రెషన్ రేషియో 7 చుట్టూనే. అసలు చూడాల్సింది తేడా. ఆ 80 వచ్చిన సిలిండర్‌లో ఒక స్పూన్ ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. 110కి పెరిగితే రింగులో, బోరో అరిగినట్టే. 80 దగ్గరే ఉంటే వాల్వ్ లీకయ్యే ఛాన్స్ ఎక్కువ; ముందు ట్యాపెట్ గ్యాప్ చూపించండి, చవకలో తేలిపోవచ్చు. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే అనుమానం హెడ్ గ్యాస్కెట్ మీదే.

నాలుగూ సమానంగా తక్కువొచ్చినా బండి బాగా లాగుతోందా? అయితే ముందు గేజ్‌నే అనుమానించండి.