యంత్రలిఖిత ప్రోగ్రాములు - లక్ష్యపరీక్ష

బృహద్భాషా నమూనాలు వ్రాసిన ప్రోగ్రాముల సాధుత్వమును రూపమును బట్టి గాక, ఫలితము ముందే తెలిసిన ఉదాహరణలపై నడిపి నిర్ణయింతురు. కాని ఆ ఉదాహరణలు చాలునా యనునది ప్రధానప్రశ్న.

గురులఘు నిర్ణయమునకు వ్రాసిన ప్రోగ్రాములో ‘దీర్ఘము మాత్రమే గురువు’ అను సూత్రమున్నదనుకొందము. ‘విజయవాడ’కు దాని ఫలితము సరియే. ‘కృష్ణ’ యన్నచో సంయుక్తమునకు ముందున్న ‘కృ’ను లఘువనును, ఇది అవ్యాప్తి. ‘సంయుక్తమునకు ముందున్నది గురువు’ అని చేర్చినచో ‘జలప్రవాహము’లో ‘ల’ గురువగుట సరియే, ‘అది ప్రవాహము’లో పదములు వేరగుటచే లఘువు కావలసిన ‘ది’ని సైతము గురువనును, ఇది అతివ్యాప్తి.

2021లో వెలువడిన హ్యూమన్‌ఎవాల్‌లో 164 సమస్యలు కలవు. 2023లో ఎవాల్‌ప్లస్ వాని పరీక్షలను సుమారు 80 రెట్లు పెంపగా, పూర్వము నెగ్గిన ప్రోగ్రాములు పెక్కు తప్పినవి. పరీక్షాఫలితమునే బహుమానముగా నిచ్చి నమూనాలకు శిక్షణ గరపు పద్ధతియు కలదు. అచట పరీక్షలోని లోపము అభ్యాసముగా మారగలదు. కావున నమూనాను మెరుగుపరచుటకు ముందు పరీక్షను మెరుగుపరుపవలెను. తెలుగు ఛందస్సు విషయమున విధులతోపాటు అపవాదములకును ఉదాహరణలు కూర్చుట లాక్షణికులు చేయదగిన పని.