బిడ్డ వచ్చే దారి

ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయాక కూడా ఆ భార్యాభర్తలు చివరి బెంచీ మీదే కూర్చుని ఉన్నారు. పెళ్లయి పదిహేనేళ్లు. పిల్లలు లేరు. వాళ్ల కోసం మా సంఘం చేయని ప్రార్థన లేదు, వాళ్లు ఎక్కని ఆస్పత్రి మెట్టు లేదు. నేను దగ్గరికి వెళ్లగానే ఆమె లేచి నిలబడింది. "అయ్యగారూ, వచ్చే వారం ఒక బిడ్డ పుట్టబోతోందట. ఆ తల్లి పెంచుకోలేదట. ఆస్పత్రి కాగితాల్లో మా పేర్లే తల్లిదండ్రులుగా రాయిస్తామంటున్నారు. మూడు లక్షలు అడుగుతున్నారు. దేవుడే తలుపు తీశాడేమో, ప్రార్థన చేసి చెప్పండి" అంది.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. దానికి కారణం ఉంది. 2001లో, నేను పరిచర్యలోకి వచ్చిన కొత్తలో, ఇలాగే ఒక పసికందును రాత్రివేళ తువ్వాలులో చుట్టి ఒక విశ్వాసి ఇంటికి తెచ్చారు. నేను వెళ్లి ప్రార్థన చేశాను, పేరు పెట్టాను. సంఘం రిజిస్టరులో ఆ దంపతుల సొంత కూతురిగానే రాశాను. అలా రాయమని నన్నెవరూ బలవంతం చేయలేదు, అది దయ అనుకుని రాశాను. నాలుగేళ్ల తరువాత ఒక ముసలావిడ మందిరం గేటు దగ్గర నిలబడి, "మా పిల్ల కన్న బిడ్డ ఈ ఊళ్లోనే ఉందట బాబూ, ఒక్కసారి చూసిపోతాను" అంది. ఆ దంపతులు ఆ నెలలోనే ఇల్లు ఖాళీ చేసి వేరే ఊరు వెళ్లిపోయారు. ఆ పిల్లకు పదిహేనేళ్లప్పుడు ఏదో తగవులో పక్కింటివాళ్ల నోట విషయం బయటపడింది. బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. "అయ్యగారూ, మీ రిజిస్టరులో నన్ను ఎవరి కూతురినని రాశారు?" అని మాత్రం అడిగింది. పేజీ తీసి చూపించాను. అది నా చేతిరాతే. ఆమె నిజంగా ఎవరో చెప్పే కాగితం మరొకటి ఎక్కడా లేదు.

ఆ కథంతా ఆ దంపతులకు చెప్పాను. తరువాత ప్రార్థన చేశాను గాని, వాళ్లు అడిగిన ప్రార్థన చేయలేదు.

అప్పట్లో నాకు ఒక సాకైనా ఉండేది. 1956 నాటి హిందూ దత్తత చట్టం మన క్రైస్తవులకు వర్తించదు. మనవాళ్లు బిడ్డను తెచ్చుకోవాలంటే 1890 నాటి సంరక్షకుల చట్టం కింద కోర్టుకు వెళ్లి సంరక్షకులు మాత్రమే కాగలిగేవారు. బిడ్డకు మైనారిటీ తీరగానే చట్టం దృష్టిలో ఆ బంధం తెగిపోయేది, వారసత్వమూ రాదు. కొడుకని పిలిచి పెంచుకున్నవాడు కాగితం మీద ఎవరికీ ఏమీ కాడు! గోదావరి జిల్లాల క్రైస్తవ కుటుంబాల్లో గుట్టుగా చేతులు మారిన బిడ్డలు ఎందరో ఉండడానికి అదొక కారణం. బాలల న్యాయ చట్టానికి 2006లో వచ్చిన సవరణతో ఏ మతం వారైనా దత్తత తీసుకునే దారి స్పష్టమైంది. 2014 ఫిబ్రవరిలో షబ్నమ్ హష్మీ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. నేడు 2015 నాటి చట్టం ప్రకారం దత్తత బిడ్డ కన్నబిడ్డతో అన్ని విధాలా సమానం. కనుక ఇప్పుడు దొడ్డిదారి వెతికేవారికి ఆ సాకు కూడా లేదు. పైగా బిడ్డను కొనడం, అమ్మడం అయిదేళ్ల వరకు జైలు శిక్ష పడే నేరం. ఈ రాష్ట్రం దీన్ని మరచిపోకూడదు. 1999లో, మళ్లీ 2001లో, లంబాడా తండాల్లో ఆడపిల్లలను కొని దత్తత పేరుతో విదేశాలకు పంపుతున్న వ్యవహారం హైదరాబాదులో బయటపడినప్పుడు మనమంతా పత్రికల్లో చదివినవాళ్లమే.

పౌలు దత్తత గురించి రాసిన మాటలను మనం ఎంతో ఇష్టంగా బోధిస్తాం. రోమా పత్రిక 8వ అధ్యాయంలోని దత్తపుత్రాత్మ మీద నేనే ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్క లేదు. అయితే పౌలు ఆ మాటను భావోద్వేగాల్లోంచి తీయలేదు, రోమీయుల న్యాయస్థానంలోంచి తీశాడు. రోమాలో దత్తత అంటే న్యాయాధికారి ఎదుట, సాక్షుల ముందు, బహిరంగంగా జరిగే పని. బిడ్డ ఎవరి అధికారం కిందినుంచి ఎవరి ఇంటికి వస్తున్నాడో లోకమంతా ఎరగాలి. దేవుడు మనల్ని దత్తత తీసుకున్నది రాత్రిపూట తువ్వాలు కింద దాచి కాదు. సేమినరీలో ఇదంతా చదువుకుని పరీక్షల్లో రాసినవాడినే నేను. అయినా 2001లో రిజిస్టరు ముందు కూర్చున్నప్పుడు గుర్తు రాలేదు.

మరి సరైన దారి ఎక్కడ మొదలవుతుంది? కేంద్ర దత్తత సంస్థ 'కారా' వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోవడంతో. గుర్తింపు, ఆదాయం, ఆరోగ్యం, వివాహం తాలూకు పత్రాలతో పాటు, మీరు ఎలాంటివారో తెలిసినవారు రాసిన రెండు ఉత్తరాలు కూడా జత చేయాలి. ఇక్కడే మనవాళ్లకు ఒక చిక్కు వస్తుంది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు లేని పాస్టర్లు జరిపించిన పెళ్లిళ్లు మన డెల్టాలో కొల్లలు. ఫోటోలు ఉంటాయి, భోజనాల వీడియో ఉంటుంది, సర్టిఫికెట్ మాత్రం ఉండదు. బిడ్డ కోసం దరఖాస్తు చేసే రోజున గాని ఆ లోటు తెలిసిరాదు. పెళ్లి జరిపించే తోటి సేవకులు ఇది కాస్త ఆలోచించాలి.

తరువాత సామాజిక కార్యకర్త మీ ఇంటికి వచ్చి, మాట్లాడి, నివేదిక రాస్తారు. అది మూడేళ్లు చెల్లుతుంది. మీ వంతు వచ్చినప్పుడు బిడ్డ వివరాలు పంపుతారు. ఆ బిడ్డ కావాలో వద్దో 48 గంటల్లో చెప్పాలి. అంగీకార పత్రంపై సంతకమైన పది రోజుల్లో బిడ్డ మీ ఇంటికి వస్తుంది. అయితే వెంటనే మీ బిడ్డ అయిపోదు. దత్తత ఉత్తర్వు వచ్చేవరకు అది పెంపకం కిందికే వస్తుంది. 2022 సెప్టెంబరు నుంచి ఆ ఉత్తర్వు కోర్టు కాకుండా జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరుగారు ఇస్తున్నారు. ఆ తరువాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి వచ్చి బిడ్డ ఎలా ఉందో చూసి వెళ్తారు.

అసలు కష్టమంతా వంతు రావడంలోనే ఉంది. 2025 మధ్యనాటికి దేశంలో నమోదైన దంపతులు 35 వేలకు పైగా ఉంటే, చట్టపరంగా దత్తతకు సిద్ధంగా ఉన్న పిల్లలు మూడు వేల లోపే. చంటిబిడ్డ కోసం మూడేళ్లకు పైనే ఎదురుచూడాలి. వయస్సుకూ పరిమితి ఉంది. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయస్సు కలిపి 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకైతే 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల బిడ్డకైతే 100. మా దంపతులకు అప్పటికే 83. ఆస్పత్రుల చుట్టూ పదేళ్లు తిరిగి, ఇక లాభం లేదనుకున్నాక దత్తత వైపు చూసేవారికి ఈ లెక్క చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

ఈ లెక్కలు విని ఆమె ముఖం చిన్నబోయింది. కొన్ని రోజులకు ఆయనే మళ్లీ వచ్చి, "పెద్ద పిల్లలైతే ఏమవుతుంది అయ్యగారూ?" అన్నాడు. ముగ్గురం కలిసి జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లాం. అక్కడ మొదటిసారి 'ఫాస్టర్ కేర్' అనే మాట సరిగ్గా విన్నాం. తల్లిదండ్రులు ఎక్కడో ఉండి కూడా ఎన్నడూ చూడడానికి రాని పిల్లలు, పెంచే స్థితిలో లేనివాళ్ల పిల్లలు హాస్టళ్ల వంటి సంరక్షణ గృహాల్లో ఏళ్ల తరబడి ఉండిపోతారు. వాళ్లు చట్టం దృష్టిలో అనాథలు కారు కాబట్టి వెంటనే దత్తతకు రారు. అలాంటి ఆరేళ్లు దాటిన పిల్లలను ఒక కుటుంబం ఇంటికి తీసుకెళ్లి పెంచవచ్చు. దరఖాస్తు చేస్తే ఇల్లు చూస్తారు, కలెక్టరు అధ్యక్షతన ఉన్న కమిటీ పరిశీలిస్తుంది, బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు ఇస్తుంది. పోషణకు మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల సహాయం కూడా ఉంది. దాని కోసం ఎవరూ ఈ పనికి పూనుకోకూడదనే నా మనవి. ఇలా పెంచినవారు ఆ బిడ్డను దత్తత కోరాలంటే ముందు అయిదేళ్లు ఆగాల్సి వచ్చేది. కేంద్రం 2024లో మార్గదర్శకాలను సవరించి దాన్ని రెండేళ్లకు తగ్గించింది. 35 ఏళ్లు దాటిన ఒంటరి వ్యక్తులకూ అవకాశం ఇచ్చింది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఈ రెండేళ్లలో కన్నతల్లి తేరుకుని వస్తే బిడ్డ ఆమె దగ్గరికే వెళ్లాలి. వెళ్లడమే న్యాయం. చట్టపరంగా అన్ని బంధాలూ విడిపడితేనే దత్తత సాధ్యం, అదీ బిడ్డ ఇష్టం కూడా తెలుసుకున్నాకే. అధికారి ఈ మాట చెప్తుంటే ఆమె నా వైపు తిరిగి, "పెంచి పెంచి ఇచ్చేయాలా?" అంది. బల్ల అవతల కూర్చున్న అధికారి మౌనంగా ఉండిపోయారు, నేనూ అంతే.

ఇంటికి వచ్చాక నిర్గమకాండము రెండో అధ్యాయం తెరిచాను. జమ్ముపెట్టె, ఫరో కుమార్తె అన్నీ మనం ఆదివారపు బడి పిల్లలకు చెప్పే కథే. కాని యోకెబెదు తన బిడ్డను రెండుసార్లు విడిచిపెట్టిందని నేను ఎన్నడూ ప్రసంగించలేదు. మొదటిసారి నీళ్లలో. రెండోసారి, పాలిచ్చి పెంచి, రాజకుమార్తె దగ్గరికి తానే తీసుకెళ్లి అప్పగించినప్పుడు. ఆ మధ్యకాలానికి ఆమెకు జీతం కూడా ఇచ్చారు. కన్నతల్లే జీతానికి పెంపుడు తల్లిగా ఉండి, గడువు తీరాక బిడ్డను వదులుకుంది. ఆ రోజు ఆమె తిరిగి ఇంటికి ఎలా నడిచి వచ్చిందో లేఖనం చెప్పదు. కాని ఆమె ఒడిలో పెరిగిన ఆ కొద్ది సంవత్సరాలు వృథా అనడానికి ఎవరికి నోరు వస్తుంది? ఎస్తేరును పెంచిన మొర్దెకై కూడా అంతే. కూతురిలా చూసుకున్న పిల్లను రాజభవనం తీసుకుపోతే, దినదినం ప్రాకారం ముందు తిరుగుతూ ఆమె క్షేమం కనుక్కున్నాడు.

సంఘంలో ఈ సంగతి తెలిశాక వచ్చిన ప్రశ్నలు నన్ను బాధపెట్టాయి. "ఏ కులపు పిల్లో?" అని ఒకాయన అడిగాడు, అదీ ప్రభువు బల్లలో చెయ్యి వేసి వచ్చిన నోటితో. "ఏడెనిమిదేళ్ల పిల్ల, ఏం అలవాట్లో?" అని మరొకరు. రెండో ప్రశ్నలో కొంత నిజముంది, దాచను. విడిచిపెట్టబడిన బిడ్డ మనం అన్నం పెట్టగానే నవ్వదు. అన్నం దాచుకుంటుంది, అబద్ధమాడుతుంది, ఎప్పుడు పంపేస్తారో అని పరీక్షిస్తుంది. దానికి ఓపిక కావాలి, సంఘం తోడు కావాలి. మొదటి ప్రశ్నకు మాత్రం నా దగ్గర ఓపిక లేదు.

మరో మాట. మనవాళ్లకు అనాథాశ్రమం కట్టాలనే కోరిక ఎక్కువ, ఒక్క బిడ్డను సొంత ఇంటికి తెచ్చుకోవడం తక్కువ. బోర్డు, వరుసలో నిలబెట్టిన పిల్లలు, విదేశాలకు పంపే ఫోటో. అనుమతి లేకుండా అలాంటి గృహం నడపడం నేరమని తెలిసీ నడిపేవారున్నారు. అడిగితే జార్జ్ ముల్లర్ పేరు చెప్తారు. ముల్లర్ 1836లో బ్రిస్టల్‌లో అనాథ గృహం తెరిచాడు. అదే ఏడు ఆయన బావమరిది ఆంథనీ నారిస్ గ్రోవ్స్ వెంట విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు ఇంగ్లండు నుంచి బయలుదేరారు. మన నర్సాపురం ప్రాంతంలో గోదావరి డెల్టా మిషన్ వాళ్లతోనే మొదలైంది. కనుక ముల్లర్ మనకు పరాయివాడు కాడు. కాని ఆయన ప్రార్థనతో రొట్టెలు వచ్చిన కథ చెప్పేవారు, ఒక బిడ్డను చేర్చుకునే ముందు ఆయన తల్లిదండ్రుల వివాహ పత్రమూ మరణ పత్రాలూ అడిగేవాడని చెప్పరు. వివాహంలో పుట్టిన పిల్లలనే తీసుకోవాలన్న ఆయన నియమాన్ని నేను ఒప్పుకోను. పుట్టుకలో బిడ్డ తప్పేముంది? కాని విశ్వాసవీరుడని మనం చెప్పుకునే ఆ మనిషి కాగితాన్ని అవిశ్వాసం అనుకోలేదు.

ఆ దంపతులు ఫాస్టర్ కేర్‌కే దరఖాస్తు పెట్టారు. ఆరు నుంచి పదేళ్ల మధ్య, ఆడపిల్లయినా మగపిల్లాడైనా సరేనని రాశారు. మూడు లక్షలకు బిడ్డనిస్తామన్నవాళ్లు తరువాత రెండుసార్లు ఫోన్ చేశారట. రెండోసారి ఆమె, ఆ తల్లికి ఇష్టం లేకపోతే చట్టప్రకారం బాలల సంక్షేమ కమిటీకి అప్పగించవచ్చని, అలా ఇచ్చాక కూడా ఆలోచించుకోవడానికి రెండు నెలలు గడువుంటుందని, 1098కు ఫోన్ చేయమని చెప్పిందట. అవతలివాళ్లు ఫోన్ పెట్టేశారు.

వాళ్ల గురించి ఒక ఉత్తరం నన్ను రాయమన్నారు. మూడుసార్లు రాసి చింపేశాను. మంచివాళ్లు, భక్తిపరులు, కానుకలు సరిగా ఇస్తారు అని రాయడం తేలికే. కాని పాత రిజిస్టరు పేజీ కళ్ల ముందు కదిలింది. చివరికి నాకు తెలిసినదే రాశాను. ఆయనకు కోపం వస్తుందని, పది నిమిషాల్లో చల్లారుతుందని. ఆమెకు చంటిబిడ్డ మీద ఆశ ఇంకా పోలేదని, అయినా పెద్దబిడ్డను ఆ లోటు పూడ్చే వస్తువుగా చూడదని నేను నమ్ముతున్నానని.

ఇల్లు చూడడానికి వచ్చిన అమ్మాయి రెండు గంటలు కూర్చుందట. బైబిలు ఎక్కడుందో అడగలేదు. పడుకునే గది చూసింది, బడి ఎంత దూరమో అడిగింది. పెరట్లోకి వెళ్లి, ఇంటి వెనక చేపల చెరువు గట్టు మీద చాలాసేపు నిలబడి, "బిడ్డ వచ్చేలోపు దీనికి అడ్డు ఏదైనా కట్టించండి" అని రాసుకుని వెళ్లిందట. మొన్న నేను వెళ్లేసరికి ఆయన లుంగీ పైకి కట్టుకుని, ఇద్దరు మనుషులతో గట్టు పొడవునా వెదురు దడి కట్టిస్తున్నాడు. ఆమె ఇటుపక్కన నిలబడి ఎత్తు సరిపోతుందో లేదో చేత్తో కొలుస్తోంది. ఏడేళ్ల పిల్లకు ఎంత ఎత్తు కావాలని నన్ను అడిగింది. నా నడుం దాకా చూపించాను. "అయితే ఇంకో జానెడు పెంచండి" అంది పనివాళ్లతో.