సర్టిఫికెట్ లేని చదువుకి లెక్కేది? – దక్షిణాఫ్రికా నల్లజాతి కార్మికుల అనుభవం

విద్యార్హతల గుర్తింపు అనగానే కాగితాల చర్చ మొదలవుతుంది. ఒక దేశపు డిగ్రీ ఇంకో దేశంలో చెల్లుతుందా, చెల్లదా అని. ఆ కాగితం ఎవరికి దక్కింది, ఎవరికి దక్కకుండా చేశారు అన్న ప్రశ్న మాత్రం ఆ చర్చలోకి రాదు. ఆ ప్రశ్నను గట్టిగా వేసింది దక్షిణాఫ్రికా నల్లజాతి కార్మికులు.

ముందుగా మూడు విషయాల్ని విడివిడిగా చూడాలి. మొదటిది ధృవీకరణ: సర్టిఫికెట్ అసలుదా, నకిలీదా? విదేశాలకు పోయేవాళ్ళు వేయించుకునే అపొస్టిల్ ముద్ర (భారతదేశం ఈ ఒప్పందంలో చేరింది 2005లో) ఈ పనిలో ఒక భాగమే. అది సంతకానికీ, సీలుకే హామీ. చదువు స్థాయి గురించి అదేమీ చెప్పదు. రెండోది సమానత: ఇక్కడి డిగ్రీ అక్కడ ఏ మెట్టు కింద లెక్క? మూడోది పూర్వ అభ్యసన గుర్తింపు: బడికి పోకుండా, పనిలో నేర్చుకున్నదాన్ని పరీక్షించి చదువుగా లెక్కగట్టడం. మొదటి రెండూ కాగితం వున్నవాళ్ళ సమస్యలు. మూడోది కాగితం లేనివాళ్ళది.

దక్షిణాఫ్రికా గనుల్లో 1911 చట్టం కింది నిబంధనలూ, 1926 సవరణా కలిసి కొన్ని నైపుణ్య సర్టిఫికెట్లు నల్లవాళ్ళకు అందకుండా చేశాయి. బండలు పేల్చే సర్టిఫికెట్ అందులో ఒకటి. రాయికి రంధ్రం వేసేది నల్లకార్మికుడు. ఏ రాయి ఎట్లా పగులుతుందో యేళ్ళ తరబడి చూసి తెలుసుకున్నదీ అతనే. సర్టిఫికెట్టూ, దాంతోపాటు ఎన్నోరెట్లు ఎక్కువ జీతమూ మాత్రం తెల్లవాడివి. 1980ల చివరిదాకా ఇదే పరిస్థితి. మరోపక్క 1953 బంటూ విద్యా చట్టం నల్లపిల్లలకు నాసిరకం చదువును చట్టబద్ధం చేసింది. అంటే చదువు రాకుండా చేసిందీ, చదువులేదని జీతం కోసిందీ ఒకే రాజ్యం.

1987లో యేర్పడిన లోహ కార్మికుల సంఘం నుమ్సా ఈ ముడిని పట్టుకుంది. శిక్షణకీ జీతానికీ లంకె వుండాలనీ, ఇప్పటికే వచ్చిన పనిని లెక్కలోకి తీసుకోవాలనీ డిమాండ్ చేసింది. ఈ ఒత్తిడి ఫలితం 1995 చట్టంలో కనిపిస్తుంది. ఆ చట్టం జాతీయ అర్హతల చట్రాన్నీ, దాన్ని నడిపే సాక్వా అనే సంస్థనూ తెచ్చింది. విదేశీ డిగ్రీల సమానతను తేల్చేదీ సాక్వాయే.

ఈ గుర్తింపు ఎట్లా జరుగుతుంది? అభ్యర్థి తాను చేసిన పనులకు రుజువులు కూడగట్టాలి. తర్వాత చేసి చూపించాలి, లేదా మాటల్లో వివరించాలి. దాన్నిబట్టి ప్రవేశమో, కొన్ని క్రెడిట్లో ఇస్తారు. వెస్టర్న్ కేప్ విశ్వవిద్యాలయం 2001 నుంచి ఈ దారిన వయోజనుల్ని డిగ్రీ కోర్సుల్లోకి తీసుకుంటోంది.

అయితే తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. రుజువుల దస్త్రం ఎక్కువగా ఇంగ్లీషులో రాయాలి. రాత రానందుకే బయట వుండిపోయినవాణ్ణి మళ్ళీ రాతతోనే కొలవడం అన్నమాట. పైగా 2016 ఉన్నత విద్యామండలి విధానం ప్రకారం ఒక కోర్సులో ఈ దారిన వచ్చేవాళ్ళు సాధారణంగా పదిశాతం మించకూడదు.

ప్రపంచస్థాయిలోనూ కొంత కదలిక వుంది. 1997 లిస్బన్ ఒప్పందం ప్రకారం విదేశీ అర్హతను తిరస్కరిస్తే, అది సరిపోదని రుజువు చేయాల్సిన బాధ్యత తిరస్కరించిన సంస్థదే. యునెస్కో 2019లో ఆమోదించిన ప్రపంచ ఒప్పందం 2023 మార్చి నుంచి అమల్లోకి వచ్చింది. పూర్వ అభ్యసనాన్నీ, కాగితాలు పోగొట్టుకున్న శరణార్థుల అర్హతల్నీ అది పట్టించుకుంది. కానీ దాని పరిధి ఉన్నతవిద్య వరకే.

ఇదంతా మనకెందుకు? దుబాయి పోయే సుతారి సంగతి చూడండి. 1983 వలసల చట్టం తెచ్చిన పద్ధతిలో పదో తరగతి పాసు కానివాళ్ళ పాస్‌పోర్టు మీద సాధారణంగా వలస అనుమతి కావాలన్న ముద్ర పడుతుంది. రక్షణ కోసమే అంటారు. కానీ పది తప్పిన సంగతి నమోదయ్యే ఆ పుస్తకంలో పాతికేళ్ళ పనితనం గురించి ఒక్క ముక్క వుండదు. లందలో తంగేడు చెక్కతో తోలు ఊనిన మాదిగల విజ్ఞానానిదీ ఇదే కథ. అదే పని కాలేజీలోకి పోతే లెదర్ టెక్నాలజీ, వాడలో వుంటే కులవృత్తి.

మన దేశంలోనూ 2013లో నైపుణ్య అర్హతల చట్రం వచ్చింది. 2015లో మొదలైన కౌశల్ వికాస్ యోజన కింద పూర్వ అభ్యసనాన్ని గుర్తించి సర్టిఫికెట్లు ఇచ్చారు. ఆ సర్టిఫికెట్ చూపితే కూలి పెంచాలన్న నిబంధన మాత్రం యజమానికి లేదు.

కాబట్టి ఇట్లాంటి పథకం ఏది వచ్చినా మన సంఘాలు మూడు ప్రశ్నలు అడగాలి. ఈ కాగితంతో కూలి పెరుగుతుందా? పై చదువుకి దారి దొరుకుతుందా? పరీక్షించేవాళ్ళలో ఆ పని చేసినవాళ్ళు వున్నారా, పరీక్ష వాళ్ళ భాషలో జరుగుతుందా? వీటికి జవాబు రాబట్టకుండా సర్టిఫికెట్లు పంచుకుంటూపోతే, పాత లెక్కలోకి ఇంకో కాగితం చేరుతుంది, అంతే.